రెడ్డెప్ప చేత నేను వేయించిన ఒట్టు

నర్సు ఉద్యోగంలో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మీ సర్వీసులో జరిగినవి చెప్పండి మేడమ్" అని అడుగుతారు. కాన్పుల గురించి చెబుతానని వాళ్ల ఆశ. అడ్డం తిరిగిన బిడ్డ, ఎద్దుల బండిలోనే జరిగిపోయిన కాన్పు, వానలో వాగు దాటడం, ఇలాంటివి. అవన్నీ జరిగాయి, చెప్పమంటే పొద్దుపోయేదాకా చెబుతాను. కానీ ఆ పనులు నాకు నేర్పించి పంపారు. నేర్పించకుండా నెత్తిన పడ్డ పని ఒకటుంది. అందులో నేను ఒక మనిషి ప్రాణం తీశాను. రాస్తే అదే రాయాలని కూర్చున్నాను.

ప్రాణం తీశాను అంటే మా అక్క ఒప్పుకోదు. "వాడి తాగుడు వాణ్ణి మింగింది, మధ్యలో నువ్వెవరే?" అని కసురుతుంది. అక్క నన్ను కాచుకోవాలని చూస్తుంది. మీకు ఆ మొహమాటం అక్కర్లేదు. చదివాక మీరే తేల్చుకోండి.

తాగుడు మానుకో

డెబ్బయ్యో దశకంలో మదనపల్లెలో నా శిక్షణ. మగవాళ్ల వార్డులో ఎప్పుడు చూసినా ముగ్గురో నలుగురో ఒకే రకం మనుషులు ఉండేవాళ్లు. కళ్లు పసుపు, కాళ్లు చేతులు పుల్లలు, పొట్ట మాత్రం నిండు నెలల మనిషి పొట్టంత. డాక్టరు రౌండుకు వచ్చి "తాగుడు మానుకో" అనేవారు. ఆ మనిషి తల ఊపేవాడు. పొట్టలో నీళ్లు తీసి, నాలుగు రోజులు ఉంచుకుని పంపించేవాళ్లం. నెలకు మళ్లీ వచ్చేవాడు. కొన్నాళ్లకు రావడం మానేసేవాడు. మానేశాడంటే ఏమయ్యాడో మాకు తెలుసు, ఒకరినొకరం అడిగేవాళ్లం కాదు.

తాగుడు మానుకో అంటే ఎలా మానాలి? ఏ పూట ఎంత తగ్గించాలి, మానితే ఒంట్లో ఏమవుతుంది, ఎవరి దగ్గరికి వెళ్లాలి? నేను శిక్షణలో ఉన్నన్నాళ్లూ ఎవరూ ఆ ముక్క ఎత్తలేదు. సిగ్గుపడుతూ చెబుతున్నాను, నేనూ అడగలేదు. అది రోగం అనిపించలేదు నాకు. బుద్ధిలేనితనం అనిపించింది.

తర్వాత నన్ను పుంగనూరు నుంచి సోమల వెళ్లే వైపు ఒక పల్లెలో ఉపకేంద్రానికి వేశారు. ఆ పల్లె పేరు రాయను. నేను చెప్పబోయే మనిషి తాలూకు వాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. కాన్పులు చేయడం, టీకాలు వేయడం, కుటుంబ నియంత్రణకు మనుషుల్ని ఒప్పించడం, ఇదీ నా పని. ఆడవాళ్లను పరీక్ష చేయడానికి రవిక పైకి జరిపితే వీపు మీద కమిలిన గుర్తులు కనపడేవి. అడగక ముందే చెప్పేవాళ్లు.

"సారా అంగడి మా ఇంటికి దగ్గర్లోనే ఉండాదమ్మా. మీ ఆసుపత్రే యాడో ఉండాది."

మాన్పించే చోటు ఎక్కడుందని నేనూ వెతికాను. మదనపల్లెలో అడిగితే బెంగుళూరు పిచ్చాసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. ఆ మాట నోట్లోంచి రాగానే ఇంటిల్లిపాదీ లేచి వెళ్లిపోయేవాళ్లు. "మా అబ్బోడు పిచ్చోడు కాదమ్మా. తాగినప్పుడే అట్ల, తాగకుంటే బంగారం" అనేవాళ్లు. ఇక మిగిలింది ఊళ్లో వాళ్ల వైద్యం. ఒకరు దర్గాలో తాయెత్తు కట్టించేవాళ్లు. ఇంకొకరు అరవ దేశం నుంచి వచ్చిన ఆకు పసరు కూరలో కలిపి పెట్టేవాళ్లు, దాంతో ఆ మనిషి రెండు రోజులు వాంతులు చేసుకుని మూడో రోజు మళ్లీ సారా అంగడికి నడిచేవాడు. నేను వాటిని చూసి నవ్వేదాన్ని. నా చేతిలో మాత్రం ఏముందని!

బిడ్డ తల మీద చెయ్యి

అలాంటప్పుడు మునెప్ప అని ఒక మేకల కాపరి తన కొడుక్కి టీకా వేయించడానికి వచ్చాడు. సాయంత్రం పూట తాగి వచ్చి భార్యను కొట్టేవాడు. బిడ్డ సూదికి ఏడుస్తుంటే వీడికీ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు మండింది. "బిడ్డ మీద అంత ప్రేమున్నవాడివి, ఆ బిడ్డ తల్లిని ఎట్లా కొడతావురా? చెయ్యి పెట్టు వాడి తల మీద. తాగనని చెప్పు" అన్నాను. కోపంలో అన్న మాట అది. వాడు నిజంగానే చెయ్యి పెట్టాడు. "నా బిడ్డ తోడు, ఇంక ముట్టను" అన్నాడు.

మా వైపు పల్లెల్లో ఆ మాటకున్న బరువు తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. దేవుడి మీద ఒట్టు తప్పితే దేవుడికి ఏదో ఒకటి సమర్పించుకుని బయటపడొచ్చు. బిడ్డ తల మీద ఒట్టుకు అలాంటి దారి లేదు. తప్పితే బిడ్డ పోతుందని నమ్మకం. అందుకే దాన్ని ఊరికే వేయరు, వేయమని ఎవరూ అడగరు కూడా. నేను అడిగాను. మాది క్రైస్తవ కుటుంబం. ఎవరి మీదా దేని మీదా ఒట్టు పెట్టుకోకూడదని చిన్నప్పుడే సండే స్కూల్లో నేర్పారు. నేను నమ్మని దాన్ని, మా ఇంట్లో తప్పన్న దాన్ని, పక్కవాళ్ల చేత వేయించాను.

మునెప్ప మానేశాడు. నిజంగా మానేశాడు. ఆరు నెలల తర్వాత అతని భార్య నవ్వుతూ వచ్చింది. ఆ నవ్వు చూసి నాకు కొమ్ములు మొలిచాయి. నోటి మాటగా పాకి, టీకాల రోజు ఆడవాళ్లు బిడ్డతో పాటు మొగుణ్ణి కూడా లాక్కురావడం మొదలుపెట్టారు. ఇంటి దగ్గరే బిడ్డకు తలస్నానం చేయించి తెచ్చేవాళ్లు. తండ్రి కుడిచెయ్యి తల మీద పెట్టేవాడు, నేను సాక్షిగా నిలబడేదాన్ని. కొందరు వారం నిలిచారు, కొందరు నెల. ఒకడు మాట తప్పిన వారానికే వాళ్ల పాపకు తట్టు పోసింది. ఊరంతా వాడి మొహాన ఉమ్మేసింది. తట్టు ఆ ఏడు ఊళ్లో చాలామంది పిల్లలకు పోసిందని నాకు తెలుసు, నర్సును కదా. అయినా నోరు మెదపలేదు. భయం ఉంటేనే మందు పనిచేస్తుందని అనుకున్నాను. ఆ పాప బతికింది కాబట్టి నా తప్పు అప్పటికి కప్పబడిపోయింది.

మునెప్ప సాయంత్రం మాత్రమే తాగేవాడని, పగలంతా మామూలుగా ఉండేవాడని, అందుకే అతను మానగలిగాడని నాకు తట్టలేదు. ఇది గుర్తు పెట్టుకోండి.

రెడ్డెప్ప

రెడ్డెప్పకు చెనక్కాయ పండే రెండు చెక్కల మెట్ట చేను, నాలుగు పుంగనూరు ఆవులు ఉండేవి. నడుము ఎత్తు కూడా రాని పొట్టి ఆవులు. వాటిని పేరు పెట్టి పిలిచేవాడు. ఏ సంతకు వెళ్లినా ఎద్దు పళ్లు చూసి వయసు చెప్పించుకోవడానికి జనం అతని కోసం వెతికేవాళ్లు. మంచి మాటకారి. నన్ను చూస్తే "నర్సమ్మా, మనుషుల కాన్పులు నీవి, ఆవుల కాన్పులు నావి. ఎవురికి ఎక్కువ పేరో సూద్దాం" అని ఎగతాళి చేసేవాడు. భార్య గంగులమ్మ నెమ్మదిగల మనిషి. వాళ్లకు నాలుగేళ్ల పాప సుగుణ. నా చేతుల్లోనే పుట్టింది.

అతను లేస్తూనే తాగేవాడు. మొహం కడుక్కోక ముందే ఒక గ్లాసు పడాలి. అది పడకపోతే చేతులు ఎంత వణికేవంటే, పాలు పితకడానికి కూర్చుంటే చెంబు పట్టుకోలేకపోయేవాడు. నేను నా కళ్లతో చూశాను. చూసి, సిగ్గులేని తాగుబోతు అనుకున్నాను.

గంగులమ్మ అతన్ని తీసుకొచ్చిన రోజు రెడ్డెప్ప నవ్వలేదు. బిడ్డ తల వైపు చూడకుండా నాతో అన్నాడు.

"నర్సమ్మా, నేను మానను అంటల్యా. ఒకటేసారి ఇడిస్తే నా ఒళ్లు నిలవదు. ఒకసారి సూసినా. రెండు దినాలు తాగకుంటే ఒళ్లంతా చీమలు పాకినట్ల అయిపాయె. కొంచెం కొంచెం తగ్గించుకుంటా వస్తా. నన్ను నమ్ము."

అర్థమైందా పిల్లలూ? డాక్టర్లు పుస్తకంలో చదివే విషయం ఆ మనిషి తన ఒంటితో తెలుసుకుని నాకు చెప్పాడు. నేను ఏమన్నానో తెలుసా?

"అందరూ చెప్పేది ఇదే కథ. కొంచెం కొంచెం అన్నవాడు ఎవడూ మానలేదు. బిడ్డ కావాలో సారా కావాలో తేల్చుకో."

గంగులమ్మ ఏడుస్తోంది. చుట్టూ ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. రెడ్డెప్ప అందరినీ ఒకసారి చూశాడు. వణుకుతున్న చెయ్యి సుగుణ తల మీద పెట్టాడు. "నా బిడ్డ తోడు. ఈ పొద్దు నుంచి సుక్క ముట్టను" అన్నాడు. పాపకు ఆ చెయ్యి వణుకు చక్కిలిగింత పెట్టినట్టుంది, కిలకిలా నవ్వింది. మేమంతా నవ్వాం.

మూడో రోజు

మొదటి రోజు చెమటలు. రెండో రోజు వాంతులు, కంటి మీద కునుకు లేదు. గంగులమ్మ కబురు చేస్తే "విషం బయటికి పోతోంది, భయపడొద్దు" అని చెప్పి పంపాను. ఎక్కడ నేర్చుకున్నానా మాట? ఎక్కడా కాదు. నోటికి వచ్చింది, అనేశాను.

మూడో రోజు పొద్దున పిలుచుకుపోయారు. రెడ్డెప్ప గోడకు ఆనుకుని కూర్చుని, లేని దూడను తాడుతో లాగుతున్నాడు. "అది బాయిలో పడతాది, పట్టుకోండప్పా" అని అరుస్తున్నాడు. ఒళ్లు కాలిపోతోంది. నా ముందే ఒకసారి ఫిట్స్ వచ్చింది. బండి కట్టించి, మా ఉపకేంద్రం పైనున్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. గంగులమ్మ సుగుణను చంకనెత్తుకుని వచ్చింది.

మా డాక్టరు పెద్దాయన. మాట కటువు. తాగి వచ్చినవాళ్లకు మంచం ఇచ్చేవాడు కాదు. "వీడికి మంచమిస్తే కాన్పు మనిషిని నేల మీద పండబెట్టాల్నా?" అనేవాడు. ఉన్న మంచాలు ఎన్నని, ఆ మాటలో తప్పు పట్టలేను. రెడ్డెప్పను చూసీ చూడగానే నా వైపు తిరిగాడు.

"ఎన్ని రోజులైంది మాని? ఎవరు మానమన్నారు?"

చెప్పాను.

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఇటువంటి రోగికి వేసే నిద్ర ఇంజెక్షన్ ఆ రోజు మా దగ్గర లేదు. జీపు కుటుంబ నియంత్రణ క్యాంపుకు వెళ్లింది. సెలైన్ పెట్టి, ఉన్న విటమిన్ ఇంజెక్షన్ వేశాడు. మదనపల్లె బస్సు రావడానికి ఇంకా టైముంది. ఫిట్స్ ఆగి రెడ్డెప్పకు కొంచెం తెలివి వచ్చింది, మంచినీళ్లు అడిగి తాగాడు. అప్పుడు డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు.

"వేరే గతి లేదు. మింగగలుగుతున్నాడు కాబట్టి కొంచెం సారా తెప్పించి పట్టించు. మదనపల్లె చేరేదాకా నిలబడితే అక్కడ మందుంది. మానడం తర్వాత సంగతి, ముందు బతకనీ."

సారా తెప్పించాను. చిన్న గ్లాసులో పోసి రెడ్డెప్ప నోటి దగ్గర పెట్టాను. వాసన తగలగానే కళ్లు తెరిచాడు. గ్లాసును చూశాడు, గంగులమ్మ చంకలో ఉన్న బిడ్డను చూశాడు. పళ్లు బిగించి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"వద్దు. నా బిడ్డ... వద్దు."

అప్పటికి గంగులమ్మకు తెలిసింది గ్లాసులో ఏముందో. వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఏం చేస్తాండావు నర్సమ్మా? నా బిడ్డను సంపుతావా?"

"గంగులమ్మా, బిడ్డకేం కాదు. ఒట్టు ఉత్తదే. నేను చెబుతున్నాను కదా, ఇది తాగకపోతే నీ మొగుడు దక్కడు."

"నువ్వే కదమ్మా ఏయించినావు! ఆ పొద్దు నిజమా, ఈ పొద్దు ఉత్తదా?"

డాక్టరు వచ్చి చెప్పాడు, కసిరాడు, చివరికి ఆ కటువు మనిషి చేతులెత్తి దండం పెట్టాడు. ఆమె బిడ్డ తలను పైట కొంగుతో కప్పేసుకుని ఒకటే మాట అంది: "ఇద్దర్లో ఒకరు పోవాల్నంటే బిడ్డను ఎట్ల ఇస్తును సారూ?" రెడ్డెప్ప బిగించిన పళ్లు విప్పలేదు. మేము నిస్సహాయంగా బస్సు కోసం చూస్తూ నిలబడ్డాం.

బస్సులో వెనక సీటు మీద పడుకోబెట్టాం. పుంగనూరు దాటాక మళ్లీ ఫిట్స్ వచ్చాయి, ఒకదాని వెనక ఒకటి. మదనపల్లె ఇంకా కొంత దూరం ఉందనగా ఆగిపోయాయి. ఊపిరి కూడా ఆగింది. కండక్టరు బస్సు ఆపించాడు. ఎండ మండిపోతోంది. సుగుణ కిటికీ దగ్గర నిద్రపోతోంది.

దినాలయ్యాక నేను గంగులమ్మ ఇంటికి వెళ్లాను. తప్పు నాదని చెప్పడానికే వెళ్లాను. అతను ముందే హెచ్చరించాడని, నేను వినలేదని చెబుదామని. ఆమె నాకు పీట వేసి, మజ్జిగ ఇచ్చింది. నేను నోరు తెరిచేలోపే తనే అంది.

"మాట నిలబెట్టుకొని పోయినాడమ్మా. నా బిడ్డ సల్లగా ఉండాది. నీ మేలు మర్సిపోను."

ఆ మజ్జిగ తాగి వచ్చేశాను. చెబితే ఆమెకు మిగిలిన ఆ ఒక్క మాట కూడా పోతుందని సర్దిచెప్పుకున్నాను. భయపడ్డానన్నది అసలు నిజం. ఇప్పటికీ ఆ ఇంటి వైపు వెళ్లాల్సి వస్తే వేరే దారిలో వెళతాను.

డాక్టరును ఒకసారి అడిగాను, ఇలా అవుతుందని మీకు తెలిసి మాకెందుకు చెప్పలేదని. "నువ్వు ఒట్లు వేయిస్తుంటావని నాకెట్ల తెలుసమ్మా? అయినా మీ తరంలోనూ మా తరంలోనూ ఎవడు తాగుబోతు గురించి పట్టించుకున్నాడు గనక" అన్నాడు. అంతే. దాని మీద పైవాళ్లెవరూ మమ్మల్ని ఏమీ అడగలేదు.

పిల్లలూ, మీకు చెప్పాల్సింది ఇదొక్కటే. పొద్దున లేస్తూనే తాగేవాణ్ణి, తాగకపోతే చేతులు వణికేవాణ్ణి ఈ రోజుతో మానెయ్ అనొద్దు. డాక్టరు కళ్ల ముందు, మందులతో మాన్పించాలి. రోగి తన ఒంటి గురించి చెబితే అది సాకు అని ముందే తీర్పు చెప్పొద్దు. వినండి. నేను వినలేదు.

కుప్పంలో

ఎనభయ్యో దశకంలో నన్ను కుప్పం వైపు వేశారు. అప్పటికి సారా ప్యాకెట్లలో వచ్చేసింది. పళ్లతో కొరికి నిలబడ్డ చోటే పీల్చేసేవాళ్లు. శాంతిపురం వైపు రాతి క్వారీల్లో పనిచేసేవాళ్లు ఒంటి నొప్పులకు మందని మొదలుపెట్టి మునిగిపోయేవాళ్లు. కుప్పంలో ఒక సుఖం ఉంది, బెంగుళూరుకు రైలుంది. కాళ్లావేళ్లా పడి ఇద్దరు ముగ్గుర్ని అక్కడికి పంపాను. ఒకతను బాగై వచ్చాడు. మొహంలో కళ వచ్చింది. వచ్చాక అతనికి తోడుగా కూర్చునేవాడు ఎవరూ లేరు. పని అదే క్వారీ, దారిలో అదే అంగడి, పక్కన అదే మనుషులు. రెండు నెలలు పట్టింది మళ్లీ మొదటికి రావడానికి. పంపడం వరకే నా చేతిలో ఉంది, మిగతాది ఎవరి చేతిలోనూ లేదు. ఆ రోజుల్లో ఆశ అనేది నాకు అలవాటు తప్పింది.

ఒక రోజు ఓపీ వరసలో ముప్పై ఏళ్ల మనిషి ఒకామె నిలబడి ఉంది. చంకలో ఐదేళ్ల పిల్లవాడు, అప్పుడే తలంటినట్టు జుట్టు తడిగా ఉంది. బయట అరుగు మీద ఆమె మొగుడు కూర్చుని ఉన్నాడు. తన వంతు వచ్చాక నా మొహం తేరిపార చూసింది.

"రెడ్డెప్పకు ఒట్టేయించిన నర్సమ్మ నువ్వేనంట కదా. మా పుట్టిల్లు సోమల పక్క. మా యమ్మ సెప్పింది."

"అతను చనిపోయాడమ్మా. ఆ ఒట్టు వల్లే చనిపోయాడు" అన్నాను. ఇన్నేళ్లలో ఆ మాట బయటికి అనడం అదే మొదలు.

"తెలుసమ్మా. తాగకుండా సచ్చినాడు కదా. ఊరంతా ఇప్పటికీ మర్యాదగా సెప్పుకుంటారు. మా ఆయప్పకూ ఏయించు. సచ్చినా పర్వాల్యా."

"పొద్దున లేస్తూనే తాగుతాడా? చేతులు వణుకుతాయా?"

"వణుకుతాయి. బువ్వ కూడా కలుపుకోలేడు."

ఒట్టు వేయించనని చెప్పాను. బెంగుళూరుకు చీటీ రాసిస్తాను, రైలెక్కించుకు పొమ్మన్నాను. "కూలి మనిషిని నేను, నెల రోజులు ఆడ ఎవురుంటారు, బిడ్డల్ని ఎవురు సూస్తారు?" అంది. అడిగిన ప్రతిదీ న్యాయమే. ఆమె చీటీ తీసుకోలేదు. "ఒట్టుకు నర్సే కావాల్నా ఏంది, నేనే ఏయిస్తా" అని పిల్లవాణ్ణి ఎత్తుకుని బయటికి నడిచింది. మొగుణ్ణి రెక్క పట్టుకుని లేపింది.

నేను కుర్చీలోంచి లేచి వెనకే పరిగెత్తాను. వరసలో ఉన్నవాళ్లంతా చూస్తున్నారు. గేటు దగ్గర గట్టిగా అరిచాను.

"ఒట్టు వేయించొద్దమ్మా! బెంగుళూరు పోయేదాకా తాగనీ! నీకు దండం పెడతాను, తాగనీ అతన్ని!"

వరండాలో ఎవరో నవ్వారు, మిగతావాళ్లూ అందుకున్నారు. తెల్ల చీర కట్టుకున్న సర్కారు నర్సు తాగుబోతును తాగనివ్వమని నడి వాకిట్లో అరుస్తుంటే నవ్వరా మరి. ఆమె ఆగి వెనక్కి తిరిగింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"నువ్వూ ఒక ఆడమనిషివేనా?" అని, మొగుణ్ణి ముందుకు తోసుకుంటూ వెళ్లిపోయింది.